రాణిగారి రహస్య గది ఎక్కడ?

మార్లిన్ డీట్రిచ్ వేసిన 'ది స్కార్లెట్ ఎంప్రెస్' చూశారా? 1934 నాటి బొమ్మ. ఎక్కడైనా ఫిల్మ్ సొసైటీ వాళ్ళు వేస్తే మాత్రం పని మానుకునైనా వెళ్ళి చూడండి. కథ కోసం కాదు, కుర్చీల కోసం!

అవును, కుర్చీల కోసమే. అది రష్యా రాణి కేథరిన్ కథ. దర్శకుడు జోసెఫ్ ఫాన్ స్టెర్న్‌బెర్గ్ పారమౌంట్ స్టూడియోలో రష్యా రాజభవనం సెట్టింగు వేయించి, పీటర్ బాల్‌బుష్ అనే శిల్పి చేత దాన్నిండా బొమ్మలు చేయించి పెట్టాడు. ఏ కుర్చీ చూసినా దాని వెనక ఒక వికృతాకారం వంగి నిలబడి ఉంటుంది. కూర్చున్న మనిషిని వెనకనుంచి వాటేసుకోబోతున్నట్టుంటుంది. పెళ్ళి విందు బల్ల మీద అస్థిపంజరం! తలుపు తియ్యాలంటే పరిచారికలు గుంపుగా చేరి తొయ్యాలి. ఆ నీడల మధ్య డీట్రిచ్ కళ్ళు మాత్రం మిలమిలా మెరుస్తుంటాయి.

అసలు రష్యా రాజభవనాల్లో అలాంటి సామాను ఎక్కడా లేదు. అంతా స్టెర్న్‌బెర్గ్ కల్పనే. పాపం, అప్పట్లో బాక్సాఫీసు దగ్గర ఆ బొమ్మ బోల్తా కొట్టింది కూడా. కానీ ఆ కుర్చీలు నా బుర్రలోంచి పోలేదు. ఎందుకంటే కేథరిన్ రాణిగారి కుర్చీల మీద ఇంకో కథ ఉంది. అది సినిమా కథ కాదు, నిజంగా జరిగిందని జనం చెప్పుకునే కథ.

కథ ఇదీ. రాణిగారికి తన గదులను ఆనుకునే ఒక రహస్య గది ఉండేదట. అందులో కుర్చీలు, బల్లలు, గోడ పలకలు, తలుపు రెక్కలు అన్నిటిమీదా శృంగార శిల్పాలేనట. బల్ల కాళ్ళు సైతం... ఇక్కడ నా కలం కాస్త తటపటాయిస్తోంది... మగవాడి అంగం ఆకారంలో చెక్కినవట. 1941లో జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్ చుట్టుపట్ల రాజభవనాలు పట్టుకున్నప్పుడు సైనికులు కొందరు తోవ తప్పి ఆ గదిలోకి వెళ్ళి నోళ్ళు వెళ్ళబెట్టారట. ఫోటోలు తీశారట. తర్వాత యుద్ధంలో సామానూ పోయిందట, ఫోటోల్లో చాలామటుకూ పోయాయట. ఏవో కొన్ని మిగిలాయట.

ఎన్ని 'ట'లు వచ్చాయో లెక్కపెట్టారా? ఈ కథకి బల్ల కాళ్ళకంటే 'ట'లే ఎక్కువ.

బెల్జియం దర్శకుడు పీటర్ వోడిచ్ దీనిమీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. ఆ పాత ఫోటోలు చూపించాడు, ఊరూరా తిరిగి వెతికాడు. ఆ తర్వాత ఒక ఫ్రెంచి ఫర్నిచర్ కంపెనీ ఆ ఫోటోల్లోని బల్లనీ కుర్చీనీ చూసి నకళ్ళు తయారుచేసింది. ఇప్పుడు ఫోన్లలో చేతులు మారే రంగు ఫోటోలున్నాయే, 'కేథరిన్ రాణి బల్ల' అని మీ క్లాస్‌మేట్ చాటుగా చూపించే ఫోటో, అది ఆ నకలుది. డూప్ ఫోటో చూసి హీరో అనుకోవడం లాంటిదన్నమాట!

అసలు హీరో ఎక్కడ? అది చూద్దామనే బయల్దేరాను.

గాట్చినా లోకల్

సెంట్ పీటర్స్‌బర్గ్‌లో బాల్టిక్ స్టేషన్ అని ఉంది. అక్కడ లోకల్ రైలెక్కితే ఒక గంట ప్రయాణం. దక్షిణంగా 45 కిలోమీటర్లు. గాట్చినా స్టేషన్లో దిగి నడక సాగిస్తే నిమిషాల్లో కోట కనిపిస్తుంది. దారి అడగక్కర్లేదు.

రష్యా రాజభవనాలంటే నీలం, బంగారం, తెల్ల స్తంభాలు... ఆ ఊహతో వెళ్ళినవాడికి గాట్చినా పెద్ద దెబ్బ. బూడిద రంగు రాయి. రెండు పక్కలా అయిదు పలకల బురుజులు. భవనం కాదు, జైలేమో అనిపిస్తుంది. ముందు ఖాళీ మైదానం, మైదానంలో చేతికర్ర పట్టుకుని నిలబడ్డ ఒక రాజు విగ్రహం. ఆయన పేరు పావెల్. కేథరిన్ కొడుకు. ఈయన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. మన కథలో అసలు సాక్షి ఈయనే.

ముందు చిన్న ఫ్లాష్‌బ్యాక్.

కేథరిన్ అసలు రష్యన్ కాదు. జర్మన్ పిల్ల. పేరు సోఫీ. 1729లో పుట్టింది. ఒక చిన్న సంస్థానం వాళ్ళమ్మాయి. 1744లో, పద్నాలుగేళ్ళ వయసులో, పెళ్ళిచూపులకి రష్యా తీసుకొచ్చారు. మరుసటేడే పెళ్ళి. మొగుడు పీటర్‌కి ఆ అమ్మాయికంటే బొమ్మ సైనికులతో ఆడుకోవడమే ఇష్టం. పద్దెనిమిదేళ్ళు ఆ ఇంట్లో నోరు మూసుకుని పుస్తకాలు చదువుకుంది, భాష నేర్చుకుంది, మతం మార్చుకుంది, ఎవడు మనవాడో ఎవడు కాదో చూసుకుంది. 1762లో మొగుడు మూడో పీటర్ పేరుతో సింహాసనమెక్కాడు. ఆరు నెలలు తిరిగేసరికి ఈవిడ సైనిక దుస్తులు వేసుకుని, గుర్రమెక్కి, సైన్యాన్ని వెంటేసుకుని వెళ్ళి ఆయన్ని దింపేసింది. కొద్దిరోజులకే ఆయన కాపలావాళ్ళ మధ్యే చచ్చిపోయాడు. ఆ తర్వాత 34 ఏళ్ళు ఆవిడే రష్యా.

ఆ తిరుగుబాటులో ముందు నిలబడ్డవాళ్ళు ఓర్లోవ్ సోదరులు. వాళ్ళలో గ్రిగరీ ఓర్లోవ్ ఆవిడ ప్రియుడు. అందగాడు, ఆజానుబాహువు. ఆయనకి ఆవిడ ఇచ్చిన కానుకే ఈ గాట్చినా. ఇటలీ ఆర్కిటెక్టు అంతోనియో రినాల్డి 1766లో పని మొదలుపెట్టి 1781కి ముగించాడు. అప్పటికి ప్రేమ ఎప్పుడో ముగిసింది! 1783లో ఓర్లోవ్ పోయాడు. రాణిగారు ఆయన వారసుల దగ్గర కోటని మళ్ళీ కొని, కొడుకు పావెల్‌కి ఇచ్చేసింది.

రహస్య గది పుకారు ఎక్కువగా ఈ కోట చుట్టూనే తిరుగుతుంది. ప్రియుడికి కట్టించిన కోట కదా, అలాంటి సామాను ఇక్కడ కాక ఇంకెక్కడుంటుందని లెక్క. వినడానికి బాగానే ఉంది. కానీ ఒక్క చిక్కు... ఆ పావెల్!

పావెల్‌కి తల్లి అంటే పడదు. చిన్నప్పుడే తండ్రి పోయాడు, తల్లి సింహాసనమెక్కింది, తనకి రావలసింది తనకి రాలేదు. తల్లి ప్రియులంటే ఒళ్ళు మంట. 1783 నుంచి ఈ గాట్చినాలో సొంత సైన్యాన్ని పెట్టుకుని, పొద్దున్న లేచింది మొదలు కవాతులు చేయించుకుంటూ పదమూడేళ్ళు కాచుకు కూర్చున్నాడు. 1796 నవంబరులో కోట ముందుకి గుర్రం మీద ఒక మనిషి దౌడు తీస్తూ వచ్చాడు. వచ్చింది తల్లి చివరి ప్రియుడు ప్లటోన్ జూబోవ్ అన్నగారు నికొలాయ్. నన్ను అరెస్టు చేయడానికే వచ్చాడనుకున్నాడు పావెల్. కాదు, తల్లి కుప్పకూలిపోయిందని కబురు!

సింహాసనమెక్కిన పావెల్ ఏం చేశాడో చూడండి. 34 ఏళ్ళ కిందట పాతిపెట్టిన తండ్రిని తవ్వి తీయించాడు. తల్లి శవపేటిక పక్కన తండ్రి శవపేటిక పెట్టించి ఇద్దరినీ ఒకేసారి ఊరేగించి పాతిపెట్టించాడు. ఆ ఊరేగింపులో తండ్రి కిరీటాన్ని ఎవరిచేత మోయించాడనుకున్నారు? ఆ తండ్రి చావుకి కారకుడని లోకమంతా చెప్పుకునే అలెక్సెయ్ ఓర్లోవ్ చేత! ఇంతటి క్లైమాక్స్ ఏ స్క్రీన్‌ప్లే రైటరు రాయగలడు? అక్కడితో ఊరుకోలేదు. తల్లికి అందరికంటే దగ్గరివాడైన పొటెమ్కిన్ కట్టించుకున్న తౌరిద భవనాన్ని గుర్రపు దళానికి ఇచ్చేశాడు. (అన్నట్టు ఐజెన్‌స్టీన్ 1925లో తీసిన 'బాటిల్‌షిప్ పొటెమ్కిన్' ఉందే, ఆ ఓడకి పెట్టింది ఈయన పేరే.)

ఇంత కసి ఉన్న కొడుకు చేతిలో ఈ కోట మొత్తం పద్దెనిమిదేళ్ళుంది. తల్లి పరువు బజారున పడేసే సామాను ఒక గది నిండా ఉంటే ఆయన ఏం చేసేవాడు? తగలబెట్టేవాడు, లేదా నలుగురికీ చూపించేవాడు. రెంటిలో ఏది చేసినా చుట్టూ ఉన్న దర్బారులో ఎవడో ఒకడు ఉత్తరం రాసేవాడు. ఆ రోజుల్లో ఆ దర్బారులో ఉత్తరం రాయనివాడు లేడు, రాణిగారి మీద చెడు రాయడానికి వెనకాడినవాడూ లేడు. అయినా ఈ సామాను మాట మాత్రం లేదు.

కోట కింద ఒక సొరంగం ఉంది. ఓర్లోవ్ కాలంలోదే. నూరు మీటర్లకు పైగా నడిస్తే చెరువు గట్టున తేలతాం. రహస్య గది కోసం వచ్చినవాణ్ణి, ముందు అందులోకే దూరాను. గది లేదు గానీ ప్రతిధ్వని ఉంది. ఊళ్ళో పిల్లలందరికీ తెలిసిన ఆట ఒకటుంది. 'క్తో జ్దేస్ ప్రావిల్?' అని గట్టిగా అరవాలి. ఇక్కడ ఏలిందెవరు అని అర్థం. చివరి ముక్క తిరిగొచ్చి 'పావెల్' అన్నట్టు వినిపిస్తుంది. ప్రశ్నలోంచే జవాబు! నేనూ అరిచాను. నిజంగానే 'పావెల్' అంది. ఇక ఆగలేక, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, అచ్చ తెలుగులో "రాణిగారి గది ఉందా?" అని అడిగాను.

"ఉందా... ఉందా... ఉందా..." అంది సొరంగం.

తగలబడిన కోట

నవ్వులాట పక్కన పెడదాం. ఈ కోటలో నిజంగా పోయినవి చాలా ఉన్నాయి.

1917 విప్లవం తర్వాత మరుసటేడే ఈ కోటని మ్యూజియం చేసి జనం కోసం తలుపులు తెరిచారు. అంటే జర్మన్లు వచ్చేనాటికి 23 ఏళ్ళుగా ఇక్కడ మ్యూజియం నడుస్తోంది. గది గదికీ సిబ్బంది తిరిగారు, సామాను లెక్క రాశారు, స్కూలు పిల్లలు వరసకట్టి చూసిపోయారు. అన్నేళ్ళు అంతమంది కళ్ళపడని గది, తుపాకులు పట్టుకుని వచ్చిన సైనికులకి మొదటిసారి కనిపించిందంటే... ఏమంటారు?

1941 సెప్టెంబరులో ఊరు జర్మన్ల చేతికి పోయింది. బండ్లలో పట్టినంత సామానుని మ్యూజియం వాళ్ళు ముందే తరలించారు. మిగిలింది మిగిలిపోయింది. 1944 జనవరిలో జర్మన్లు వెనక్కిపోతున్నప్పుడు కోట తగలబడింది. పైకప్పులు కూలాయి. గోడలు మాత్రం నిలబడ్డాయి. యుద్ధం తర్వాత చాలాకాలం ఇది మ్యూజియమే కాదు. నౌకాదళం వాళ్ళ చదువులకీ, పరిశోధనలకీ ఇచ్చేశారు. మళ్ళీ బాగుచేసి మొదటి హాళ్ళు జనానికి చూపించింది 1985లో! నలభై ఏళ్ళు పట్టిందన్నమాట. పనులు ఆ తర్వాతా సాగుతూనే వచ్చాయి.

ఆ హాళ్ళలో తిరుగుతుంటే ఒకటనిపిస్తుంది. పాత ఫోటో చూసి, మిగిలిన ముక్క చూసి, ఒక్కొక్క పువ్వూ మళ్ళీ చెక్కి అతికించిన మనుషులున్నారు ఇక్కడ. నాలాంటి వాడు రైలు దిగివచ్చి వాళ్ళని అడిగేది మాత్రం ఒక్కటే. ఆ కుర్చీలెక్కడ? నేనూ అడగబోయి, నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. సిగ్గేసింది.

పోయిన గదంటే ఇదీ

మర్నాడు త్సార్‌స్కొయె సెలొ వెళ్ళాను. ఇది ఇంకో రాజభవనం. రష్యాలో మొట్టమొదటి రైలు 1837లో నడిచింది ఈ దారిలోనే. ఊరికి ఇప్పుడు కవి పుష్కిన్ పేరు. ఇక్కడ మీరు కోరుకున్న నీలం, బంగారం, తెల్ల స్తంభాలు అన్నీ ఉంటాయి. వేసవి వచ్చిందంటే రాణిగారి మకాం ఇక్కడే. పొద్దున్నే కుక్కల్ని వెంటేసుకుని తోటలో తిరిగేది. పుష్కిన్ తన 'కెప్టెన్ కూతురు' నవలలో కథానాయిక మాషాకి రాణిగారు ఎదురుపడేది ఈ తోటలోనే. ఎవరో తెలియక మాషా తన గోడంతా చెప్పుకుంటుంది. మన సినిమాల్లో మారువేషంలో రాజుగారు ఎదురుపడే సీను గుర్తొస్తుంది.

ఈ భవనంలోనూ ఒక గది మాయమైంది. ఇది 'ట' లేని కథ. అంబర్ గది. గోడలన్నీ తేనెరంగు అంబరు పలకలు. 1716లో ప్రష్యా రాజు పీటర్ ది గ్రేట్‌కి ఇచ్చాడు. 1755లో ఈ భవనానికి తెచ్చారు. 1941లో జర్మన్లు వస్తున్నారని తెలిసి విప్పబోతే, ఎండిన అంబరు పెళపెళా విరిగిపోతోంది. గత్యంతరం లేక పైన కాగితం అంటించి మామూలు గోడలా కనపడేట్టు చేశారు సిబ్బంది. పాచిక పారలేదు. జర్మన్లు 36 గంటల్లో విప్పి, పెట్టెలకెత్తి, కోనిగ్స్‌బర్గ్ కోటకి పంపేశారు. ఆ ఊరే ఇప్పటి కాలినిన్‌గ్రాడ్. 1945 తర్వాత ఆ పెట్టెలు ఎవరికీ కనపడలేదు.

కానీ చూడండి... పోయిన గదికి కూడా జాడలున్నాయి. ఇచ్చిందెవరో తెలుసు, ఏ ఏడాది ఏ గదిలో బిగించారో తెలుసు. పాత ఫోటోలున్నాయి. 1997లో ఆ గది గోడకుండే రాతి మొజాయిక్ ఒకటి జర్మనీలో బయటపడింది కూడా. ఆ కాగితాలూ ఫోటోలూ దగ్గర పెట్టుకునే 1979లో పని మొదలుపెట్టి, గదంతా మళ్ళీ కొత్తగా చేసి 2003లో తెరిచారు. నేను నిలబడింది ఆ కొత్త గదిలోనే. తేనెతుట్టె లోపల నిలబడ్డట్టుంది!

మరి మన రాణిగారి బల్లకి? ఏ వడ్రంగి చేశాడు? ఏ ఊరినుంచి వచ్చింది? ఎంతిచ్చారు? ఒక్కదానికీ చీటీ లేదు. అంతకంటే ఆశ్చర్యం, ఫోటోలో ఆ బల్ల చూస్తే నాకు రాణిగారి కాలం కనపడదు. ఆవిడకి సన్నని గీతలు, గ్రీకు రోమన్ తరహా తీరు ఇష్టం. ఇదే ఊళ్ళో ఆవిడ కోసం చార్లెస్ కామెరాన్ కట్టిన గ్యాలరీ చూడండి, తెలిసిపోతుంది. ఫోటోలోని బల్ల బరువుగా, మోటుగా, చూసేవాడు అదిరిపోవాలనే ఉద్దేశంతో చేసినట్టుంది. ఎవరో ఎప్పుడో చేయించుకునే ఉంటారు. ఆవిడని ఇరికించడం తేలిక.

ఒకటి చెప్పాలి. ఉండకూడదని నేననడం లేదు. ఆ శతాబ్దంలో యూరప్ జమీందార్లు మూత కింద బూతు బొమ్మ దాచిన నశ్యం డబ్బీలు జేబులో పెట్టుకు తిరిగేవాళ్ళు. రాణిగారూ మడి కట్టుకుని కూర్చోలేదు. ప్రియులున్నారు, దాచలేదు, విడిపోయినప్పుడు భూములిచ్చి పంపించింది. చరిత్రకారులు లెక్కవేస్తే పన్నెండు మంది దాకా తేలారు. అదే కాలంలో ఫ్రాన్సులో పదిహేనో లూయీ పడుచు పిల్లల కోసం వెర్సయిల్స్‌లో ప్రత్యేకంగా ఒక ఇల్లే నడిపాడు. ఆయన కుర్చీల కోసం ఎవరూ డాక్యుమెంటరీ తీయరేం?

ఇంకా చెప్పమంటే... ఇలాంటి సామాను నిజంగా చేయించుకున్న రాజు ఒకాయన ఉన్నాడు. ఇంగ్లండు ఏడో ఎడ్వర్డ్! యువరాజుగా ఉన్న రోజుల్లో పారిస్‌లో 'ల షబనే' అనే వేశ్యాగృహానికి వెళ్ళేవాడు. స్థూలకాయం కదా, తన సౌకర్యానికి సూబ్రియే అనే పేరున్న ఫర్నిచర్ షాపులో ఒక ప్రత్యేకమైన కుర్చీ చేయించుకున్నాడు. రెండంతస్తుల కుర్చీ, పాదాలకి మెట్లు, పట్టుకోడానికి పిడులు. చేసినవాడు తెలుసు, చేయించినవాడు తెలుసు, పెట్టిన ఇల్లు తెలుసు. అంతా పక్కా! అయినా ఎడ్వర్డ్ అనగానే ఆ కుర్చీ గుర్తొచ్చేవాడు వెయ్యిమందిలో ఒకడుంటాడేమో. 'రసికుడు, సరదా మనిషి' అని నవ్వి ఊరుకుంటారు. కేథరిన్ అనగానే మాత్రం లేని బల్ల గుర్తొస్తుంది.

ఇంకోటి కూడా గుర్తొస్తుంది. మీరు విన్నదే. గుర్రం కథ. పచ్చి అబద్ధం. 1796 నవంబరులో ఒక పొద్దున్న కాఫీ తాగి, రాతపని చూసుకుని, లోపలి గదిలోకి వెళ్ళిన రాణిగారు ఎంతకీ రాలేదు. తలుపు తోసి చూస్తే నేలమీద పడి ఉంది. పక్షవాతం. భారీ మనిషి, మంచం మీదికి ఎత్తలేక నేలమీదే పరుపు వేసి పడుకోబెట్టారు. మర్నాటి రాత్రికి పోయింది. 67 ఏళ్ళు. అంతే! బతికుండగానే ఆవిడ మీద లండన్‌లో కార్టూన్లు వేసి అమ్మేవాళ్ళు. 1791లో వచ్చిన ఒక కార్టూన్‌లో ఆవిడ రష్యా మీద ఒక కాలు, కాన్‌స్టాంటినోపుల్ మీద ఒక కాలు వేసి నిలబడి ఉంటుంది. కింద యూరప్ రాజులందరూ తలలెత్తి ఆవిడ గౌను లోపలికి చూస్తుంటారు! టర్కీని ఓడించింది, క్రిమియాని కలుపుకుంది. యుద్ధంలో నిలవలేనివాళ్ళు గౌను దగ్గర పట్టుకున్నారు.

మన సినిమా వాళ్ళు... అంటే సినిమా వాళ్ళందరూ... తక్కువ తిన్నారా? 1924లోనే లుబిచ్ పోలా నెగ్రీ చేత ఈ పాత్రని 'ఫర్‌బిడెన్ పారడైజ్'లో చిలిపిగా వేయించాడు. 1944లో మే వెస్ట్ బ్రాడ్వే నాటకంలో రాణిగా వేసి ఆజానుబాహువుల మధ్య ఊరేగింది. మొన్న మొన్న 2019లో హెలెన్ మిరెన్, 2020లో ఎల్ ఫానింగ్ సీరియళ్ళలో వేశారు. అందరిలోనూ నా ఓటు డీట్రిచ్‌కే. ఆ సినిమా చివర ఆవిడ తెల్లటి సైనిక దుస్తుల్లో గుర్రమెక్కి సైన్యంతో సహా రాజభవనం మెట్లెక్కేస్తుంది. గుర్రం అక్కడుంది, తీసుకోండి!

అసలు రహస్యం

ఆఖరి రోజు హెర్మిటాజ్. రాణిగారు పోయిన వింటర్ ప్యాలెస్ ఇప్పుడు ఆ మ్యూజియంలో భాగం. 1764లో ఆవిడ బెర్లిన్ నుంచి కొన్న చిత్రాలతో మొదలైంది ఇది. అకిరా కురొసావాని అరాధించినట్టు సొకూరొవ్‌ని ఆరాధించే మిత్రులు నాకున్నారు. వాళ్ళ కోసం చెప్తున్నాను, 2002లో ఆయన 'రష్యన్ ఆర్క్'ని మొదటినుంచి చివరిదాకా ఒకే షాట్‌లో తీసింది ఈ హాళ్ళలోనే. అందులో కేథరిన్ కూడా కనపడుతుంది.

జనమంతా బంగారు నెమలి గడియారం దగ్గర మూగి ఉంటారు. పొటెమ్కిన్ తెప్పించిన గడియారం అది. నేను వెతుక్కుంటూ వెళ్ళింది మాత్రం ఒక రాతబల్ల దగ్గరికి. జర్మనీలోని నాయ్‌వీడ్ ఊరి వడ్రంగి డేవిడ్ రోంట్‌గెన్ చేసి తెచ్చి 1784లో రాణిగారికి అమ్మిన బల్ల. పైన అపోలో విగ్రహం. తాళంచెవి తిప్పితే లోపల మరలు తిరిగి, అరలు వాటంతట అవే బయటికొస్తాయి. ఒక అర వెనక ఇంకో అర, దానివెనక ఇంకోటి. రహస్యాల కోసం చేసిన బల్ల. ఆవిడ నిజంగా ముచ్చటపడి కొన్న సామాను ఇదీ!

ముచ్చటపడదా మరి? పొద్దున్న అయిదారింటికే లేచి రాసుకునే మనిషి. వోల్టేర్‌కి ఉత్తరాలు రాసింది, చట్టాలు రాసింది, హాస్య నాటకాలు రాసింది, ఆపెరాలకి మాటలు రాసింది. ఇప్పుడైతే టైటిల్స్‌లో 'కథ, మాటలు: కేథరిన్' అని పడేది. తన కథ కూడా తనే రాసుకుంది, ఫ్రెంచిలో. పెళ్ళి ఎలా ఏడిసిందో, మొగుడు ఎలాంటివాడో, సాల్తికోవ్ అనే అందగాడు ఎలా వచ్చాడో రాసింది. పావెల్ తండ్రి పీటరేనా అన్న అనుమానం చదివినవాడికి వచ్చేట్టు రాసింది! రాసి, సీలు వేసి, పైన కొడుకు పేరే రాసి పెట్టింది.

ఆవిడ పోయాక పావెల్ ఆ పొట్లం విప్పాడు. ఆలోచించండి ఆ సీను! చదివాడు. దాచాడు. కానీ ఒక మిత్రుడికి చూపించాడు. అతను నకలు రాసుకున్నాడు. నకలుకి నకళ్ళు పుట్టాయి. మనవడు మొదటి నికొలాయ్ సింహాసనం మీదికొచ్చాక ఆ నకళ్ళన్నీ ఎక్కడున్నా పట్టుకోమన్నాడు. అయినా ఒకటి దేశం దాటింది. 1859లో లండన్‌లో గేర్‌త్సెన్ అనే ప్రవాసి రష్యన్ దాన్ని అచ్చువేశాడు. రాజవంశం మొత్తం అరవై ఏళ్ళు అదిమిపెట్టినా నాలుగు కాగితాలు ఆగలేదు. గది నిండా బల్లలూ కుర్చీలూ మాత్రం చప్పుడు కాకుండా నూట నలభై అయిదేళ్ళు దాక్కున్నాయట!

ఆ పుస్తకం ఇంగ్లీషులో దొరుకుతుంది. తిరుగు ప్రయాణంలో చదువుతూ వచ్చాను. నవ్విస్తుంది, భయపెడుతుంది, మొగుడి మీద జాలి కూడా కలిగిస్తుంది. వందల పేజీలు రాసింది గానీ, రాణి అయిన రోజు దాకా రాలేదావిడ. 1759 ప్రాంతంలో, సగంలో, రాత ఆగిపోయింది. కుర్చీ ఎక్కకముందే.